రోజులు దాటిన గొర్రె: చూలుందా, లేదా?

మందలో మొదటి గొర్రె ఈని నెల దాటింది. దొడ్డిలో ఒక మూలంతా పిల్లల అరుపులే. ముప్పై తల్లుల్లో ఇరవై రెండు ఈనాయి, ఎనిమిది మిగిలాయి. వాటిలో కొన్నింటికి పొట్ట ఉంది, పొదుగు లేదు. ఒకదానికి పొదుగు ఉన్నట్టే ఉంది, పొట్ట లేదు. మేత తరిగిపోతోంది, వారం తిరిగితే సంత. బేరగాడు దొడ్డి బయట నిలబడి ఒక్క చూపు చూసి, "అవన్నీ గొడ్డువి, ఇప్పుడే తోలేస్తే నయం" అంటాడు. చలికాలపు ఈతల్లో పాలమూరు నుంచి నెల్లూరు దాకా ఏ మందలోనైనా ఎదురయ్యే పరిస్థితే ఇది. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్ల గొర్రెలున్నాయి. దేశం మొత్తం మీద ఉన్నవి 7.43 కోట్లు. అంటే దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం ఈ రెండు రాష్ట్రాల్లోనే ఉన్నాయి. ఆ లెక్కన ఈ ప్రశ్న ఎన్ని దొడ్ల ముందు నిలబడుతుందో ఊహించుకోవచ్చు.

తీర్పు తప్పితే నష్టం రెండు వైపులా ఉంటుంది. చూలు గొర్రెను గొడ్డుదని కోతకు అమ్మితే తల్లీ పోతుంది, కడుపులోని పిల్లా పోతుంది. పైగా 2001 నాటి కేంద్ర వధశాలల నియమాల ప్రకారం చూలుతో ఉన్న జంతువును కోయడం నిషిద్ధం. అటు ఒట్టి గొర్రెను చూలుదని నమ్మి దాణా పెడుతూ పోతే రెండు నెలల ఖర్చు పోతుంది, ఆ రెండు నెలల్లో అది మళ్లీ చూలు కట్టే అవకాశమూ పోతుంది. వీటికంటే చెడ్డ పొరపాటు ఇంకొకటి ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అమ్మకుండా ఉంచుతారు గానీ, ఒట్టిదే కదా అని దాణా ఆపేస్తారు. పిల్ల పుట్టేనాటి బరువులో 70 శాతం దాకా చివరి ఆరు వారాల్లోనే పెరుగుతుంది. సరిగ్గా ఆ వారాల్లో మేత తగ్గితే తల్లి తన ఒంటి కొవ్వును కరిగించుకుంటుంది, కొవ్వు కరిగితే పుట్టే కీటోన్లు రక్తంలో చేరతాయి. మందలోంచి విడిగా నిలబడిపోతుంది, చూపు మందగిస్తుంది, పళ్లు కొరుకుతూ తల ఒక పక్కకు వాల్చి పడిపోతుంది. అప్పుడు వైద్యం చేసినా బతికేవి తక్కువ. కవల పిల్లలున్న గొర్రెల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

ముందు చూడాల్సింది తారీఖు

గొర్రె చూలు కాలం సగటున 147 రోజులు. ఎక్కువ గొర్రెలు 144 నుంచి 152 రోజుల మధ్య ఈనుతాయి. కవలలుంటే ఒకటి రెండు రోజులు ముందుకు జరుగుతుంది. 155 దాటడం అరుదు. పశువుల్లో, మనుషుల్లో ఉన్నంత ఎడం కూడా గొర్రెలో ఉండదు. కాబట్టి ఒక గొర్రె నెల రోజులు "ఆలస్యం" చేసిందని ఎవరైనా అంటే, దాదాపు ప్రతిసారీ తేడా ఉన్నది లెక్కలోనే.

ఎలాగో ఒక ఉదాహరణతో చూద్దాం. తొలకరి వానలకు పచ్చిక మొలిచాక, జూన్ 20న పొట్టేలును మందలో వదిలారు. ఆగస్టు 10న వేరు చేశారు. మొదటి రోజే కట్టిన గొర్రె నవంబర్ 14 ప్రాంతంలో ఈనాలి. అయితే గొర్రె ఎద 17 రోజులకోసారి వస్తుంది, ఒకటి ఒకటిన్నర రోజు ఉంటుంది. ఆ మొదటి ఎదలో కట్టకపోతే ఈత డిసెంబర్ 1కి జరుగుతుంది. రెండోసారీ నిలవకపోతే డిసెంబర్ 18. ఆగస్టు 10న, చివరి రోజున కట్టిన గొర్రెకు జనవరి 4. కాస్త ఆలస్యంగా ఈనేవాటినీ కలుపుకుంటే జనవరి 9 దాకా ఆగాలి. మంద యజమాని మాత్రం నవంబర్ 14 నుంచే రోజులు లెక్కపెడుతుంటాడు. డిసెంబర్ 10న ఆయన కంటికి గొడ్డుగా కనిపించే గొర్రెకు నిజానికి ఇంకో నాలుగు వారాల గడువు ఉండొచ్చు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. నవంబర్ 14న మొదటి గొర్రె ఈనిన రోజుకు, చివర్లో కట్టిన గొర్రె చూలు వయసు 96 రోజులే. నెల్లూరు జాతి పిల్ల పుట్టేనాటికి సుమారు మూడు కిలోలుంటుంది అనుకుంటే, 105వ రోజుకు కూడా అది కిలో లోపే. నెల్లూరు గొర్రె ఎక్కువగా ఒంటి పిల్లనే ఈనుతుంది. అంటే బాగా మేసిన పెద్ద గొర్రె కడుపులో కిలో కూడా లేని ఒక్క పిల్ల. బయట నుంచి ఏం తెలుస్తుంది? పక్కనే నిండు చూలు గొర్రె నిలబడి ఉండటంతో అది ఇంకా ఒట్టిదిగా కనిపిస్తుంది. గొర్రెను దాని సొంత తారీఖుతో పోల్చాలి గానీ పక్క గొర్రెతో కాదు.

ఏడాదంతా పొట్టేలు మందలోనే తిరిగే చోట అసలు "రోజులు దాటడం" అన్న మాటకే అర్థం లేదు, అక్కడ రోజే లేదు గనక. మన మందల్లో ఎక్కువ ఇలాంటివే. కొని తెచ్చిన గొర్రెలదీ అదే సమస్య. 2017లో తెలంగాణ మొదలుపెట్టిన గొర్రెల పంపిణీ పథకంలో 20 గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్‌గా, 75 శాతం సబ్సిడీతో ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర, తమిళనాడు నుంచి గొర్రెలు లారీల్లో వచ్చాయి. అలా వచ్చిన గొర్రె ఎక్కడ, ఎప్పుడు కట్టిందో దించుకున్నవారికి తెలిసే వీలు లేదు. అలాంటి మందలో తారీఖు అక్కరకు రాదు. ఒంటి మీది గుర్తులనే చదువుకోవాలి.

పొట్ట చెప్పేదెంత?

చాలామంది ముందు పొట్ట చూస్తారు. అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేదీ అదే. గొర్రెకు ఎడమ పక్క ఉండేది పెద్ద పొట్ట, అంటే మేత నిల్వ ఉండే సంచి. సాయంత్రం మేసి వచ్చిన ఒట్టి గొర్రె కూడా ఎడమ డొక్క నిండి గుండ్రంగా కనిపిస్తుంది. పిల్ల పెరిగే గర్భసంచి కుడి పక్కకు, కిందికి జరుగుతుంది. అందుకే గొర్రె వెనక, కొంచెం దూరంగా కూర్చుని, అది నిటారుగా నిలబడినప్పుడు రెండు డొక్కలనూ పోల్చి చూడాలి. ఎడమ పైభాగం ఉబ్బితే అది మేత. కుడి కింది భాగం పక్కకు బరువుగా జారితే అనుమానించదగ్గ గుర్తు. తెల్లవారాక, మేతకు తోలకముందు చూస్తే ఈ తేడా బాగా తెలుస్తుంది.

పురుగులున్న గొర్రెకూ పొట్ట జారుతుంది. కార్జపు జలగలు పట్టినదానికి దవడ కింద నీరు దిగుతుంది, కంటి లోపలి పొర పాలిపోతుంది. పొట్టను చూసి చూలు అనుకునే ముందు కింది రెప్పను వేలితో దించి చూడటం ఒక్క క్షణం పని.

పొట్టతో పాటు వెన్నును కూడా చెయ్యి పెట్టి చూడాలి. ఈ పని చాలామంది చెయ్యరు, చేస్తే సగం అనుమానాలు అక్కడే తీరతాయి. చివరి పక్క ఎముక దాటాక, నడుము మీద అరచెయ్యి ఆనించాలి. పొట్ట గుండ్రంగా ఉండి, వెన్నుపూసలు మెత్తటి కండ కింద దాగిపోయి, తోక మొదట్లోనూ ముందుకాళ్ల మధ్య ఛాతీ దగ్గరా కొవ్వు చేతికి దొరికితే అది ఒట్టి గొర్రె అయ్యే అవకాశమే ఎక్కువ, ఎందుకంటే తిన్నదంతా దాని ఒంటికే పట్టింది. పొట్ట పెద్దదై, వెన్ను మాత్రం రోజురోజుకూ గరుకుగా తేలుతుంటే తిన్నది ఇంకెవరికో పోతోంది. ఆ ఇంకెవరో పిల్ల కావచ్చు, పురుగు కావచ్చు. రెప్ప లోపల ఎర్రగా ఉంటే పిల్ల మీదే ఆశ పెట్టుకోవచ్చు.

పొదుగు

ముందు ఈతలు ఈనిన గొర్రెలో పొదుగు మూడు నాలుగు వారాల ముందు నుంచి మారుతుంది. మొదట చర్మం వదులు తగ్గుతుంది, తర్వాత లోపల గడ్డ కట్టినట్టు కండ తగులుతుంది, చివరి వారంలో చర్మం నిగనిగలాడి రొమ్ములు పక్కలకు తిరుగుతాయి. నెల్లూరు గొర్రెకు ఒంటి మీద ఉన్ని ఉండదు గనక వెనక నుంచి ఇదంతా కనబడుతుంది. దక్కనీ గొర్రెకు ఉన్ని అడ్డం, చెయ్యి పెట్టి చూడక తప్పదు.

తొలిచూలు గొర్రె దగ్గర ఈ గుర్తును అంతగా నమ్మలేం. కొన్ని నెలన్నర ముందే కాస్త పొదుగు చూపించి ఆగిపోతాయి. కొన్నింటికి చివరి వారం దాకా ఏమీ ఉండదు, ఒక పూటలో నిండుతుంది. పొదుగు లేదని తొలిచూలు గొర్రెను తోలెయ్యడం తొందరపాటే. ఇంకో వైపు, కిందటి ఈతలో పొదుగు వాపు వచ్చి గట్టిపడిపోయిన గొర్రెకు చూలు లేకున్నా పొదుగు పెద్దగానే ఉంటుంది. పట్టి చూస్తే ఒక పక్క రాయిలా, ఇంకో పక్క మెత్తగా తగిలితే అది పాత రోగం మిగిల్చిన గుర్తు.

అనుమానం తీరకపోతే రొమ్ము నుంచి ఒక్క బొట్టు తీసి చూడొచ్చు. గొర్రెను గోడకు ఆనించి నిలబెట్టి, రొమ్మును వేళ్లతో తుడిచి, మొదట్లో నొక్కి కిందికి జార్చాలి. వేలి మీద పడింది పల్చటి బూడిదరంగు నీరైతే ఇంకా ఏం చెప్పలేం, పిల్లను విడదీసిన కొత్తలోనూ అదే వస్తుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తేనెలా సాగితే గొర్రె చూలుతో ఉంది, ఈత దూరంలో లేదు. చిక్కగా, పసుపు తెలుపు కలిసిన ముర్రుపాలు వస్తే రోజుల్లో ఈనుతుంది. ఒక్క బొట్టు దగ్గర ఆపెయ్యాలి. రొమ్ము కొసన మైనంలాంటి బిరడా ఉంటుంది, అది పోతే రోగక్రిములకు దారి తెరిచినట్టే. పైగా పుట్టిన పిల్లకు మొదటి గంటల్లో దక్కాల్సిన ముర్రుపాలు అవి. రోజూ పిండి చూసే అలవాటు పిల్లకు చేటు.

చివరి రోజుల గుర్తులు అందరికీ తెలిసినవే: మానం వాచి ఎర్రబడుతుంది, తోక మొదలుకు రెండు పక్కలా నరాలు వదులై గుంట పడుతుంది, గొర్రె మందకు ఎడంగా నిలబడి కాలితో నేల గీరుతుంది. ఇవి "ఎప్పుడు" అన్నదానికి జవాబు. ఒట్టిదా కాదా అన్న ప్రశ్న వీటికి చాలా ముందే వస్తుంది.

చేతికి తగిలే పిల్ల

నాలుగు నెలలు దాటిన చూలును చేతితో పట్టే పాత పద్ధతి ఒకటుంది, అనుభవం ఉన్న కాపరుల చేతికి బాగా పట్టుబడింది. రాత్రి మేత పెట్టకుండా ఉంచి, తెల్లారి చెయ్యాలి. ఒకరు గొర్రె తలను మోకాళ్ల మధ్య పట్టుకుంటారు. ఇంకొకరు వెనక నుంచి వంగి, పొదుగుకు ముందు, పొట్ట కింద రెండు చేతులూ దోసిలిలా పెట్టి నెమ్మదిగా పైకెత్తి వదులుతారు. రెండు మూడుసార్లు ఎత్తాక, కుడి అరచేతిలోకి ఏదో గట్టిది తేలి వచ్చి తట్టి వెళ్లిపోతుంది. నీళ్ల బిందెలో మునిగిన కొబ్బరికాయను వేళ్లతో నెడితే తిరిగి వచ్చి తగిలినట్టుంటుంది. ఆ తట్టు తగిలితే పిల్ల ఉన్నట్టే. తగలకపోతే లేనట్టు కాదు, మూడు నెలల చూలు ఈ పరీక్షకు అందదు. నొక్కడం, కుదపడం అసలు పనికిరాదు.

దీన్ని ఒక్కసారి చేసి వదిలెయ్యకుండా రెండు వారాల ఎడంతో రెండుసార్లు చెయ్యాలి. నిన్నటికీ రెండు వారాల కిందటికీ మధ్య పొదుగులో, కుడి డొక్కలో, ఆ తట్టులో ఏం మారిందో చూస్తే తీర్పు దానంతటదే తేలుతుంది. చూలుంటే రెండు వారాల్లో మారకుండా ఉండదు. రెండు చూపుల్లోనూ ఏ తేడా లేని పెద్ద గొర్రె విషయంలోనే ఒట్టిదన్న అనుమానం బలపడుతుంది.

స్కానింగ్ ఈ బాధ చాలావరకు తప్పిస్తుంది. పొట్ట మీద నుంచి చేసే స్కాన్‌కు 45 నుంచి 90 రోజుల మధ్య మంచి కాలం, పిల్లలెన్నో కూడా తెలుస్తుంది. వంద రోజులు దాటాక పిల్ల తెరకు మించి పెరిగిపోయి లెక్క కష్టం, ఉందా లేదా అన్నది మాత్రం తెలుస్తుంది. చూలు కట్టిన నెల రోజుల నుంచే పట్టే రక్త పరీక్షలూ ఉన్నాయి. మన దగ్గర ఇలాంటి యంత్రాలు పశువైద్య కళాశాలల్లాంటి చోట్ల ఉన్నాయి, మంద మేసే గుట్ట దగ్గరికి రావడం అరుదు. నలుగురు మంద యజమానులు కలిసి ఈతలకు రెండు నెలల ముందే ఒక రోజు డాక్టర్‌ను పిలిపించుకోగలిగితే, ఆ ఖర్చు ఒక గొర్రెను తప్పుగా అమ్ముకున్న నష్టం కంటే తక్కువే.

నిజంగా రోజులు దాటితే

తారీఖు కచ్చితంగా తెలిసి, 155 కూడా దాటితే అప్పుడు ఆలోచించాలి. గొర్రె హుషారుగా మేస్తూ, ఏ స్రావమూ లేకుండా ఉంటే ముందుగా అనుమానించాల్సింది అది ఎప్పుడో ఈసుకుపోయిందని, అంటే చూలు పడిపోయిందని. అడవిలో మేతలో ఉండగా మూడో నెలలో పడిపోయిన పిండాన్ని కుక్కలో నక్కలో తీసుకెళ్తాయి, కాపరికి తెలిసేసరికి తోకకు అంటిన ఎండు మరక తప్ప ఏం మిగలదు. ఒకే ఈతలో రెండు మూడు గొర్రెలు ఇలా మాయమైన చూలుతో తేలితే అది ఒక్కో గొర్రె సమస్యగా చూడకూడదు. చూలు పడగొట్టే బ్రూసెల్లా క్రిమి లాంటివి మందలో తిరుగుతుంటాయి, రక్తం పరీక్ష చేయించాలి. పడిన పిండాన్ని, మాయను ఒట్టి చేతులతో ముట్టుకోకూడదు, ఆ జబ్బు మనుషులకూ సోకుతుంది. గొర్రె మేత మానేసి, మురిగిన వాసనతో స్రావం కారుతుంటే కడుపులో పిల్ల చనిపోయి ఉండొచ్చు. అప్పుడు గంటలు కూడా లెక్కే, పశువైద్య సేవల నంబర్ 1962కు ఫోన్ చెయ్యడం ఆలస్యం కాకూడదు.

ఈత ఎప్పుడన్నది తల్లి చేతిలో లేదు, పిల్ల చేతిలో ఉంది. న్యూజిలాండ్ వైద్యుడు గ్రాహమ్ లిగ్గిన్స్ 1960ల్లో గొర్రెల మీదే దీన్ని తేల్చారు. పిల్ల మెదడు కింది పిట్యూటరీ గ్రంథి సంకేతం ఇస్తే, పిల్ల అడ్రినల్ గ్రంథుల నుంచి కార్టిసోల్ పెరుగుతుంది, దాంతో నొప్పులు మొదలవుతాయి. ఆ పరిశోధనలోనే, నెలలు నిండకముందు పుట్టిన గొర్రెపిల్లలు అనుకోకుండా ఊపిరి పీల్చడం ఆయన కంటపడింది. అక్కడి నుంచే నెలలు నిండని కాన్పుకు ముందు తల్లికి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వచ్చింది. ఈ రోజు మన ఊళ్ల ప్రసూతి వార్డుల్లో ఎందరో పసివాళ్ల ఊపిరి నిలబెడుతున్నది అదే.

పిల్లలో ఆ గ్రంథి లేకపోతే సంకేతం రాదు, గొర్రె ఈనదు. అమెరికాలోని ఐడహో కొండల్లో చూలు కట్టిన 14వ రోజు ప్రాంతంలో ఒక అడవి మొక్కను మేసిన గొర్రెలకు నుదుటి మధ్య ఒకే కన్నున్న పిల్లలు ఏర్పడ్డాయి. అలాంటి కొన్ని తల్లులు గడువు దాటి వారాల తరబడి మోస్తూనే ఉండిపోయాయి. ఆ మొక్కలోని విషానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు సైక్లోపమీన్. నమీబియాలో కారకుల్ గొర్రెలు ఎడారి పొద ఒకటి మేసి ఇలాగే రోజులు దాటేవి, అక్కడి రైతులు దాన్ని "పెద్ద పిల్ల జబ్బు" అనే అర్థం వచ్చే పేరుతో పిలిచారు. అంటే నిజమైన ఆలస్యం గొర్రెల్లో ఉంది, దానికి ఇంత పెద్ద కారణం కావాలి.

ఆలస్యమైందని ఇంజెక్షన్ వేయించి ఈనిపించాలన్న తొందర కొందరిలో కనిపిస్తుంది. గొర్రెలూ మేకలూ కలిసి ఉన్న మందలో ఇది మరీ ప్రమాదం. మేకలో చూలును చివరిదాకా నిలబెట్టేది అండాశయం. అందుకే అండాశయం చేసే ఆ పనిని ఆపే ప్రోస్టాగ్లాండిన్ సూది మేకకు ఏ నెలలో వేసినా చూలు పడిపోతుంది. గొర్రెలో సుమారు 50 రోజుల తర్వాత ఆ బాధ్యత మాయ తీసుకుంటుంది, ఆ సూది ఒక్కటే ఈతను తీసుకురాదు. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ పనిచేస్తుంది, అయితే గడువుకు వారం లోపు ఉన్నప్పుడే. తారీఖు తెలియని గొర్రెకు వేస్తే ఆలస్యమనుకున్నది నిజానికి 130వ రోజు చూలై ఉండొచ్చు, అప్పుడు బతకని పిల్ల చేతికి వస్తుంది. డాక్టర్ చూడకుండా ఈ సూది వేయించకూడదు.

మిగిలిన గొర్రెలు

జనవరి 9 కూడా దాటింది అనుకుందాం. ఎనిమిదిలో ఐదు ఈనాయి. మూడు మిగిలాయి, వాటి పొదుగు మారలేదు, దోసిలికి ఏమీ తగల్లేదు. ఈ మూడింటి దగ్గర తీర్పు చెప్పగలిగింది పొట్టేలే. మన జాతుల గొర్రెలకు చలి దేశాల్లోలాగా ఎదకు ఒకే ఋతువు అంటూ కట్టుబాటు లేదు, మేత బాగుంటే ఏడాదిలో ఎప్పుడైనా ఎదకు వస్తాయి. ఒట్టి గొర్రె అయితే 17 రోజుల్లో పొట్టేలుకు దొరకాలి. పొట్టేలు రొమ్ముకు రంగు పూసి వదిలితే, అది ఎక్కిన గొర్రె నడుము మీద ఆ రంగు పడుతుంది. ఎండిపోయి వెన్ను తేలిన గొర్రె ఎదకే రాకపోవచ్చు గనక ముందు దానికి పురుగుల మందు తాగించి, రెండు మూడు వారాలు మేత సరిచెయ్యాలి. చూలుతో ఉన్నా పొట్టేలును నిలబడనిచ్చే గొర్రెలు కొన్ని ఉంటాయి, అందుకే రంగు పడినా చేతి పరీక్షతో కలిపే చూడాలి.

పని చిన్నదే. జేగురును, అంటే ఎర్ర మట్టిని, వంటనూనెలో ముద్దగా కలిపి, పొట్టేలు రొమ్ముకు, ముందుకాళ్ల మధ్య దట్టంగా పుయ్యాలి, రెండు రోజులకోసారి మళ్లీ పుయ్యాలి. గోడల పెయింట్ వద్దు, చర్మానికీ ఉన్నికీ పట్టి వదలదు. నెల్లూరు గొర్రెల్లో ఒళ్లంతా తెల్లగా ఉండే పల్ల రకం మీద, మొహాన నల్లమచ్చలున్న జోడిపి రకం మీద ఎరుపు స్పష్టంగా తెలుస్తుంది. నల్ల దక్కనీకి పసుపు రంగు మట్టి మేలు. 17 రోజులకు రంగు మార్చాలి. మొదటి రంగు మీద రెండో రంగు పడిన గొర్రె మొదటిసారి నిలవలేదని అర్థం.

రోజూ పొద్దున దొడ్డి తడిక తీసేటప్పుడు ఒక్కో గొర్రె తోక మొదలు చూసుకుంటూ వదలాలి. జనవరి 22న ఒకదాని నడుము మీద ఎర్రటి మరక కనిపించిందనుకుందాం. చెవి పోగు నంబర్, తారీఖు పుస్తకంలో రాసి, దాని పక్కనే 147 రోజులు కలిపి జూన్ 18 అని వేసుకోవాలి.